డెబియన్‌లో ప్యాకేజింగ్
స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసుకునేలా సిద్ధపరచడమే ప్యాకేజింగ్. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇది ప్రధానంగా స్వచ్ఛంద సేవ. చెన్నై సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కూ డెబియనే పునాది.

కొత్తవారు మొదట ఫలానా సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీ చేయాలన్న తమ ఉద్దేశాన్ని బగ్ నివేదికగా నమోదు చేస్తారు. ఆపై ‘డెబియన్’ ఫోల్డరులో కంట్రోల్, రూల్స్, ఛేంజ్‌లాగ్, కాపీరైట్ ఫైళ్లు రాస్తారు. వీటిలో ఓపిక కోరేది కాపీరైట్ ఫైలే: ఫైళ్లన్నిటి లైసెన్సులూ వెతికి పట్టాలి, అనుమతి లేనిదాన్ని తీసేయాలి. లింటియన్ అనే తనిఖీ సాధనం చూపిన లోపాలు సరిదిద్దాక, అప్‌లోడ్ హక్కున్న డెవలపర్ ఒకరు పరిశీలించి పంపుతారు. కొత్త ప్యాకేజీని డెబియన్ భాండాగార నిర్వాహకులు మళ్లీ తనిఖీ చేశాకే అది అభివృద్ధి దశకు చెందిన ‘అన్‌స్టేబుల్’ విభాగంలో చేరుతుంది.

పోతన, వేమన తెలుగు ఫాంట్లు వినియోగదారులకు అందేదీ ఈ దారిలోనే. ప్రోగ్రాముల కంటే నిర్మాణం తేలిక గనుక ఫాంట్ ప్యాకేజీలు తొలి అభ్యాసానికి అనువైనవి.