మూడు అక్షరాల ఆడపిల్ల



మన సంఘంలో పెరిగి, ఇప్పుడు జర్మనీలో నర్సుగా పనిచేస్తున్న ఒక చెల్లెమ్మ క్రిస్మస్‌కు ముందు నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. హాంబర్గ్ దగ్గర పాత సామాన్ల సంతలో ఒక గుడ్డ ముక్క చూసి కొనుక్కుందట. "పాస్టర్ గారూ, దీని మీద బైబిలు బొమ్మలున్నాయి. ఎవరు కుట్టారో, ఎందుకు కుట్టారో మీరేమైనా చెప్పగలరా?" అని అడిగింది. నాకేం తెలుసు? మా అమ్మ సూదిలో దారం ఎక్కించమంటే ఎక్కించడం తప్ప కుట్టుపని నాకు రాదు. అయినా పాస్టరును అడిగారు కదా, తెలియదని చెప్పడానికి మొహమాటం. ఒక వారంలో చూసి చెబుతానన్నాను. నాలుగు నెలలు పట్టింది.

ముందు గుడ్డ సంగతి చెబుతాను. మూరెడు పొడుగు, జానెడున్నర వెడల్పు ఉన్న అవిసె నార గుడ్డ. మాసిన తెలుపు. పైన ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల లాంటివి వరుసగా ఉన్నాయి. వాటి కింద అంకెలు. ఆ కింద ఆదాము హవ్వలు, మధ్యలో చెట్టు, చెట్టుకు చుట్టుకున్న సర్పము. ఒక పక్కన సిలువ. ఇంకో పక్కన ఇద్దరు మనుషులు భుజాల మీద కర్ర వేసుకుని పెద్ద ద్రాక్షగెల మోస్తున్నారు. అన్నీ ఇంటూ గుర్తు లాంటి చిన్న చిన్న కుట్లతోనే. అడుగున పూలదండ లాంటి గుండ్రని గీత, దాని లోపల మూడు అక్షరాలు: ఐ, ఎమ్, హెచ్. కింద 1796 అని సంవత్సరం.

మన ఫాదర్ హయ్యర్ గారు జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టింది 1793లో. అంటే ఈ అమ్మాయి సూది పట్టిన యేడు ఆయన మూడేళ్ళ పసివాడు. ఆయన గుంటూరు చేరింది 1842లో. ఈ లెక్క వేసుకున్నాక ఆ గుడ్డ నాకు పరాయిదిగా అనిపించలేదు.

జర్మన్ భాషలో దీన్ని ముస్టర్‌టూఖ్ అంటారు. ముస్టర్ అంటే నమూనా, టూఖ్ అంటే గుడ్డ. మొదట్లో ఇది గోడకు తగిలించే అలంకారం కాదు, పనిముట్టు. నచ్చిన పువ్వో, అంచో కనబడితే మరిచిపోకుండా ఒక గుడ్డ మీద కుట్టిపెట్టుకునేవారు. తర్వాత అచ్చుపుస్తకాలు వచ్చాయి. లూథరు గారు క్రొత్త నిబంధనను జర్మన్‌లో అచ్చు వేయించింది 1522లో. ఆ తర్వాత రెండేళ్ళయినా తిరక్కుండా ఆగ్స్‌బర్గ్‌లో షోన్‌స్పెర్గర్ అనే ముద్రాపకుడు కుట్టుపని నమూనాల పుస్తకం వేశాడు. న్యూరెంబర్గ్‌లో యోహాన్ జీబ్‌మాఖర్ అనే ఆయన 1597లో ఒకటి, 1604లో ఇంకొకటి వేశాడు. గళ్ళ కాగితం మీద జింకలు, నెమళ్ళు, పూలకుండీలు. గడి లెక్కపెట్టుకుంటూ కుట్టడమే. ఆ బొమ్మలు తల్లి గుడ్డ నుంచి కూతురి గుడ్డకు దిగుతూ రెండు వందల ఏళ్ళు బతికాయి. అందుకే బొమ్మను బట్టి గుడ్డ వయసు చెప్పబోతే మోసపోతాం. 1604 నాటి జింక 1796 గుడ్డ మీద హాయిగా మేస్తూ ఉంటుంది.

వయసు తెలియాలంటే గుడ్డను తిరగేసి చూడాలట. వెలుగు తగలని వెనక వైపు అసలు రంగు నిలిచి ఉంటుంది. ఆ చెల్లెమ్మను వెనక ఫోటో పంపమన్నాను. ముందు వైపు గోధుమ రంగుగా కనబడిన ఆకులు వెనక పచ్చగా ఉన్నాయి! ముందు వెలిసిన గులాబీ వెనక మంచి ఎరుపు. 1856 తర్వాత వచ్చిన రసాయన రంగుల్లాంటి మెరుపు ఎక్కడా లేదు. కాబట్టి సంవత్సరం నమ్మదగినదే అనుకున్నాను. ఎందుకంటే సంవత్సరాన్ని నమ్మడానికి కూడా లేదు. కొన్ని పాత గుడ్డల మీద చివరి అంకెల దారం ఊడదీసి ఉంటుంది. చిన్నప్పుడు కుట్టిన గుడ్డ గోడ మీద ఉంటే, వచ్చినవాళ్ళు అమ్మగారి వయసు లెక్కకడతారని భయం!

ఎరుపు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆ కాలంలో యూరప్‌లో ఎరుపు మంజిష్ఠ జాతి మొక్క వేరు నుంచి వచ్చేది. మన తీరంలో మచిలీపట్నం కలంకారీకి ఎరుపునిచ్చిన చిరివేరులోనూ ఉన్నది అదే రంగు పదార్థం, అలిజరిన్. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ డబ్బాలు ఇక్కడికి దిగాక చిరివేరు తవ్వి బతికినవాళ్ళ కూడు పోయింది. ఆ ఆడపిల్ల ఎర్ర దారం చూస్తే నాకు వాళ్ళు కూడా గుర్తొచ్చారు.

ఇప్పుడు అక్షరాల దగ్గరికి వద్దాం. వరుస లెక్కపెట్టాను. ఇరవై ఆరు ఉండాలి కదా, ఇరవై నాలుగే ఉన్నాయి. జె లేదు, యు లేదు. పిల్ల మరిచిపోయిందేమో అనుకున్నాను. కాదు. ఆ రోజుల్లో ఐ, జె రెంటికీ ఒకే అక్షరం, యు, వి రెంటికీ ఒకే అక్షరం వాడేవారు. పాత గుడ్డలన్నీ దాదాపు ఇంతే. అంటే పూలదండలో ఉన్న ఐ నిజంగా ఐ కాకపోవచ్చు, జె కావచ్చు. యోహన్నా మరియ అని ఆ కాలపు జర్మనీలో వీధికొక పిల్ల ఉండేది.

ఇంతకూ గుడ్డ మీద అక్షరాలెందుకు? ఇల్లు నడపడానికి. ఉన్న ఇళ్ళలో దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లగుడ్డలు డజన్ల లెక్కన ఉండేవి. ఏడాదికి కొన్నిసార్లే పెద్ద ఉతుకు పెట్టేవారు. ఎవరి గుడ్డ ఎవరిదో తెలియాలంటే మూలన పేరు అక్షరాలు, వరుస సంఖ్య ఉండాలి. మన ఊళ్ళో చాకలి వారు నల్లజీడి రసంతో ఇంటికొక గుర్తు పెట్టేవారు, పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ఆ పని ఇంటి ఆడపిల్ల సూదితో చేసేది. పెళ్ళికి తీసుకెళ్ళే పెట్టెలోని నార గుడ్డలన్నిటి మీదా తన పుట్టింటి అక్షరాలు కుట్టుకునేది.

ఇక్కడే నేను ఆగిపోయాను. లూథరు గారు 1524లో పట్టణాల పెద్దలకు రాస్తూ మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ బడి కావాలని, కనీసం రోజుకొక గంట అయినా పంపమని అడిగారు. సెమినరీలో ఈ మాట చదివి పరీక్ష రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ గంటలో ఏం నేర్పారో మాత్రం అప్పుడు ఆలోచించలేదు. చదవడం నేర్పారు, ఎందుకంటే కాటకిజం చదవాలి, పాటల పుస్తకం చదవాలి. రాయడం వేరే విద్య. దానికి చాలా చోట్ల వేరే రుసుము. ఆడపిల్లకు కలమెందుకు అనే తండ్రులు అక్కడా ఉన్నారు. అలా చదవడం వచ్చి, కలం పట్టడం రాని స్త్రీలు ఎందరో. వాళ్ళలో చాలామంది తమ పేరులోని అక్షరాన్ని మొదటిసారి తమ చేత్తో చేసింది సూదితోనే.

హాలె పట్టణంలో ఫ్రాంకే గారు 1698లో ఆడపిల్లల బడి పెట్టారు. ఆయన అనాథాశ్రమంలో బైబిలుతో పాటు కుట్టు, అల్లిక కూడా పాఠమే. ఆ హాలె నుంచి వచ్చిన సీగన్‌బాల్గ్ గారు 1706లో తరంగంబాడిలో దిగి, మరుసటేడే అక్కడ ఆడపిల్లలకు బడి తెరిచారు. మన బైబిలును మొదట తెలుగులోకి తిప్పిన బెంజమిన్ షుల్జ్ గారు ఆ మార్గాన వచ్చినవారే. ఆయన చేసిన తెలుగు పుస్తకాలు 1740లలో హాలెలోనే అచ్చయ్యాయి. మన అక్షరాలు మొదట సీసంలో పోతపోసుకున్న ఊళ్ళోనే ఆడపిల్లలు తమ అక్షరాలను దారంతో నేర్చుకుంటున్నారన్నమాట.

బొమ్మల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఆ ఇద్దరు మనుషులు, ద్రాక్షగెల: సంఖ్యాకాండము 13వ అధ్యాయము, ఎష్కోలు లోయ. జర్మన్ గుడ్డల మీద ఇది ఎంతో ఇష్టమైన బొమ్మ. వాళ్ళను యెహోషువ, కాలేబు అంటారు గాని, వాక్యం తీసి చూడండి, మోసిన ఇద్దరి పేర్లు అక్కడ లేవు. కర్రకు వేలాడే ఆ గెలను పాత వ్యాఖ్యాతలు మ్రానున వేలాడిన క్రీస్తుగా చూశారు. ముందు నడిచేవాడికి గెల వీపు వెనక ఉంటుంది, వాడు పాత నిబంధన. వెనక నడిచేవాడు గెలను చూస్తూ నడుస్తాడు, వాడు క్రొత్త నిబంధన. నేను ఇరవై ఏళ్ళుగా ప్రసంగం చేస్తున్నాను, ఈ అర్థం నాకు ఒక చిన్నపిల్ల కుట్టిన గుడ్డ వల్ల తెలిసింది. సిలువ చుట్టూ నిచ్చెన, సుత్తి, మేకులు, పటకారు, పాచికలు, కోడిపుంజు కూడా కుట్టింది. ఇంకొన్ని గుడ్డల మీద గూడబాతు ఉంటుంది, తన రొమ్ము చీల్చుకుని పిల్లలకు రక్తం పెడుతున్నట్టు. మన ఉప్పలపాడు చెరువులో గూడబాతులను చూసినవారికి తెలుసు, అది నిజానికి పెట్టేది చేపలే. కానీ పూర్వం అలా నమ్మారు, క్రీస్తుకు గుర్తుగా పెట్టుకున్నారు.

ఇక అసలు ప్రశ్న, ఎవరు కుట్టారు? ఇంగ్లాండులో పిల్లలు తమ పూర్తి పేరు కుట్టేవారు. లండన్‌లోని ఒక మ్యూజియంలో 1598 నాటి గుడ్డ ఒకటుంది, దాని మీద జేన్ బోస్టాక్ అని పేరు చక్కగా కనబడుతుంది. జర్మన్ పిల్లలు చాలావరకు పొడి అక్షరాలతో సరిపెట్టారు. కాబట్టి వెదికేవారికి మిగిలిన దారి ఒక్కటే, గుడి రిజిస్టరు. ఏ ఊరిదో తెలిస్తే ఆ ఊరి పాస్టరు రాసిన బాప్తిస్మ, కన్ఫర్మేషన్, వివాహ, సమాధి పుస్తకాలు తీయాలి. గుడ్డ కుట్టే పిల్లకు పదీ పన్నెండేళ్ళుంటాయనుకుని, 1784 చుట్టుపక్కల పుట్టిన వాళ్ళలో ఆ మూడు అక్షరాలు కలిసే ఆడపిల్లను వెదకాలి. తర్వాత పద్నాలుగేళ్ళ వయసులో కన్ఫర్మేషన్ పట్టీలో ఉందో లేదో చూడాలి. పట్టీలో లేకపోతే సమాధి పుస్తకం తీయాలి. జర్మనీ ప్రొటెస్టెంట్ సంఘాలు ఇప్పుడు ఆర్కియోన్ అనే చోట ఆ పుస్తకాల ఫోటోలు పెట్టాయి. కొన్ని పేజీలు చూశాను. పాత జర్మన్ చేతిరాతలో ఎన్, ఇ ఒకేలా ఉంటాయి, కళ్ళు కాయలు కాశాయి. అయినా ఒకటి గమనించాను. నేను చూసిన పేజీల్లో బిడ్డ పేరు పక్కన తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, సాక్షుల పేర్లు ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ కిందట, దీపం వెలుగులో, నాలాంటి ఒక పల్లెటూరి పాస్టరు వాటిని ఓపికగా రాశాడు.

మన అమ్మాయి మాత్రం దొరకలేదు. సంతలో అమ్మినాయనకు అది ఏ ఊరిదో తెలియదు. ఊరు తెలియని మూడు అక్షరాలతో ఏ పుస్తకం తెరవగలం?

ఆ రాత్రి ఎందుకో మన గుడి బీరువా తీసి పాత రిజిస్టర్లు ముందేసుకున్నాను. చెదపురుగు తిన్నంత తినగా మిగిలిన పేజీల్లో తండ్రుల పేర్లున్నాయి. తల్లి గడిలో చాలా చోట్ల "భార్య" అని ఉంది, అంతే. పాతకాలం వాళ్ళను అనుకుంటూ తిప్పుతున్నాను. 2011 దగ్గరికి వచ్చేసరికి నా చేతిరాత. ఆ యేడు మనం సమాధి చేసిన ముసలమ్మ ఒకామె ఉంది. ముప్పై ఏళ్ళు ప్రతి శనివారం గుడి ఊడ్చింది. ఊరంతా "పెద్దమ్మ" అనే పిలిచాం. పేరు గడిలో నేను రాసింది "ఫలానా వారి తల్లి" అని. మూడు అక్షరాలైనా లేవు. మరునాడు ఆమె కొడుకింటికి వెళ్ళి పేరు అడిగి, రిజిస్టరులో ఎర్ర సిరాతో పక్కన రాసి సంతకం పెట్టాను. అడిగినప్పుడు ఆ కొడుకు కూడా కాసేపు ఆలోచించాడు.

నిర్గమకాండము 35వ అధ్యాయములో గుడారపు పని చదివినప్పుడల్లా బెసలేలు, అహోలీయాబు గురించే ప్రసంగించాను. నీల ధూమ్ర రక్తవర్ణాల నూలు వడికిన స్త్రీలు కూడా ఆ అధ్యాయములోనే ఉన్నారు. వాళ్ళ పేర్లు లేవు.

మీలో చాలామంది అమ్మమ్మలు, నాయనమ్మలు మిషను బోర్డింగు బడుల్లో చదివినవారే. మ్యాటీ గుడ్డ మీద ఉలెన్ దారంతో కుట్టి, అద్దం కట్టించి గోడకు పెట్టిన వాక్యాలు, చిలకలు, గులాబీలు ఇంకా కొన్ని ఇళ్ళలో చూస్తున్నాను. మా అమ్మ కుట్టినదీ ఒకటుంది. మొన్న అద్దం ఊడదీసి వెనక చూశాను, పేరు లేదు, ఆకుపచ్చ మాత్రం కొత్తగా ఉంది. అట్ట మీద పెన్సిలుతో అమ్మ పేరు, బడి ఉన్న ఊరి పేరు రాసి మళ్ళీ బిగించాను. మీ ఇంట్లో ఉంటే ముందూ వెనకా రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపండి. కుట్టినామె పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాయండి. గుర్తు లేకపోతే ఈ వారమే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వచ్చినవన్నీ కొత్త రిజిస్టరులోకి నేనే ఎక్కిస్తాను.