ఫార్ క్రై: ఆటలో గెరిల్లా గెలుపు, బస్తర్‌లో క్యాంపు లెక్క

ఫార్ క్రై ఇరవై ఏళ్లు దాటిన వీడియో గేమ్‌ల సిరీస్. ఆటగాడికి పాత్ర కళ్లతోనే లోకం కనిపించే ఫస్ట్ పర్సన్ షూటర్ కోవలోది. ఇందులో తుపాకీకి ఎంత చోటుందో కథకూ అంతే ఉంది. జర్మనీకి చెందిన క్రైటెక్ తయారుచేసిన మొదటి ఆట 2004 మార్చిలో వచ్చింది. ఆ తర్వాత సిరీస్ పూర్తిగా ఫ్రెంచ్ సంస్థ యూబీసాఫ్ట్ చేతికి వెళ్లింది. 2021 అక్టోబర్‌లో వచ్చిన ఆరో భాగం యారా అనే కల్పిత ద్వీపంలో నడుస్తుంది. నియంత ఆంటోన్ కాస్తియో మీద తిరగబడే గెరిల్లా డానీ రోహాస్ పాత్రను ఆటగాడు నడిపిస్తాడు.

ఈ సిరీస్‌లో ఏ భాగమూ బస్తర్‌లో జరగదు. అయినా అడవి, తిరుగుబాటు దళం, ఊళ్ల మధ్య సాయుధ శిబిరాలు అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది కోంటా దాటితే మొదలయ్యే ఆ ప్రాంతమే. 2025 మే 21న నారాయణపూర్ జిల్లా అడవిలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావుది శ్రీకాకుళం జిల్లా. బైలాడిలా కొండల ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి రైల్లో దిగేది విశాఖలోనే. కాబట్టి ఈ ఆటలు సాయుధ పోరాటాన్ని ఏ నియమాలతో చూపిస్తాయో, ఆ నియమాలు బస్తర్‌లో ఎక్కడ తేలిపోతాయో చూడటం దూరపు పోలిక కాదు.

శిబిరం చేతులు మారితే

మూడో భాగం నుంచి ఈ సిరీస్‌కు గుండెకాయ లాంటిది అవుట్‌పోస్ట్. ఆటగాడు గుట్ట మీద నుంచి కాపలాదారులను లెక్కపెట్టుకుంటాడు, అలారం మోగకుండా ఒక్కొక్కరినీ మట్టుపెడతాడు, శిబిరం పట్టుకుంటాడు. మ్యాప్‌లో ఆ చోటు రంగు మారుతుంది. కాసేపటికి మన పక్షం మనుషులు అక్కడ తిరుగుతూ కనిపిస్తారు, దుకాణం తెరుచుకుంటుంది. మూడు, నాలుగు భాగాల్లో రేడియో టవర్ ఎక్కితే చుట్టుపక్కల ప్రాంతమంతా మ్యాప్‌లో తేటపడుతుంది. బస్తర్‌లో మొబైల్ టవర్లను మావోయిస్టులు తగలబెట్టిన ఘటనలు చాలానే ఉన్నాయి. టవర్ ఎవరికి చూపునిస్తుందన్నది అక్కడా తెలుసు.

బస్తర్‌లో ప్రభుత్వ వ్యూహం కూడా శిబిరం చుట్టూనే తిరుగుతుంది. కొన్నేళ్లుగా బీజాపూర్, సుక్మా జిల్లాల లోపలి అడవుల్లోకి భద్రతా క్యాంపులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూ వచ్చాయి. వెనకాలే రోడ్డు, టవర్, రేషన్ దుకాణం. 2024 ఫిబ్రవరిలో మొదలైన నియద్ నెల్లనార్ పథకం (స్థానిక భాషలో ‘మీ మంచి ఊరు’ అని అర్థం) లెక్క కూడా ఇదే: క్యాంపుకు ఐదు కిలోమీటర్ల లోపు ఊళ్లకు ముందుగా సౌకర్యాలు. పైకి చూస్తే ఫార్ క్రై మ్యాప్ లాగే ఉంది.

తేడా సిల్గేర్‌లో బయటపడింది. 2021 మేలో ఆ ఊరి దగ్గర సీఆర్‌పీఎఫ్ క్యాంపు వెలిసింది. చుట్టుపక్కల గ్రామాల ఆదివాసీలు వచ్చి వద్దన్నారు. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. వాళ్లు మావోయిస్టులతో వచ్చినవాళ్లని పోలీసులు, మామూలు గ్రామస్థులని ఊళ్లవాళ్లు చెప్పారు. రోడ్డు మీద ధర్నా ఏడాది దాటినా సాగింది. ఆటలో శిబిరం రంగు మారాక ఊరివాళ్లు చప్పట్లు కొడతారు. వాళ్లకు ఇంకో పని రాసిపెట్టలేదు. సిల్గేర్‌లో కూర్చున్నవాళ్లది ఏ రంగన్నదే గొడవ. రోడ్డు, ఆస్పత్రి వస్తాయని ప్రభుత్వం చెప్పేది అబద్ధం కాదు. తమను అడగకుండా వచ్చిందన్న ఊరివాళ్ల మాటా అబద్ధం కాదు. ఈ రెంటినీ కలిపి చూపించే మీట ఏ కంట్రోలర్‌లోనూ లేదు.

రెండో భాగం ఎందుకు వేరు

2008లో వచ్చిన ఫార్ క్రై 2 మాత్రం వీటిలో కలవదు. పేరు చెప్పని ఒక ఆఫ్రికా దేశంలో అంతర్యుద్ధం. రెండు వర్గాలు, ఆటగాడు ఇద్దరి దగ్గరా కిరాయి పని చేస్తాడు. శత్రువు దగ్గర దొరికిన తుపాకీ తుప్పు పట్టి, సరిగ్గా కాల్చాల్సిన క్షణంలో మొరాయిస్తుంది. ఎండుగడ్డికి అంటుకున్న నిప్పు గాలివాటున ఆటగాడి మీదికే వస్తుంది. అతనికి మలేరియా కూడా ఉంటుంది. మందు కావాలంటే దాక్కున్న సామాన్యులకు దేశం దాటే కాగితాలు చేర్చాలి. ఆటగాళ్లను అన్నిటికన్నా విసిగించింది చెక్‌పోస్టులు. ఖాళీ చేసి వెళ్లిన చెక్‌పోస్టు, తిరిగొచ్చేసరికి మళ్లీ మనుషులతో నిండి ఉంటుంది. తర్వాతి భాగంలో యూబీసాఫ్ట్ దాన్ని మార్చి, పట్టిన శిబిరం పట్టినట్టే ఉండేలా చేసింది. ఆటగా అది మెరుగే. యుద్ధం గురించిన నిజం మాత్రం అక్కడే జారిపోయింది.

బస్తర్‌లో జ్వరం ఆట నియమం కాదు. మలేరియా లేని బస్తర్ కోసం 2020లో ఇంటింటికీ తిరిగి రక్తపరీక్షలు చేసే కార్యక్రమాన్నే మొదలుపెట్టాల్సి వచ్చింది. అడవిలో తిరిగే జవానుకూ, దళ సభ్యుడికీ, ఇప్పపువ్వు ఏరుకునే మనిషికీ దోమ ఒకటే. మందుపాతర కూడా అంతే. ఆటలో పేలుడు మెరుస్తూ ముందే కనిపిస్తుంది. ఇక్కడ జవాన్ల కోసం పాతిపెట్టింది తునికాకు కోతకు వెళ్లినవాళ్ల కాళ్ల కింద పేలిన సందర్భాలున్నాయి. పక్షాలు కూడా నిలకడగా ఉండవు. మావోయిస్టుల మీదికి ముందు నడిచే జిల్లా రిజర్వ్ గార్డ్‌లో లొంగిపోయిన పాత దళ సభ్యులూ ఉన్నారు.

ఈ ఆటల్లో అసలు కనిపించనివాడు వలసపోయిన మనిషి. 2005లో మొదలైన సల్వాజుడుం తర్వాత దంతెవాడ వైపు నుంచి వేలమంది అప్పటి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చేశారు. తెలుగు నేల మీద వాళ్లు గుత్తికోయలు. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగవిరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే వచ్చినవాళ్లు వచ్చేశారు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న షెడ్యూల్డ్ తెగ గుర్తింపు సరిహద్దు దాటగానే పోయింది. పోడు భూమి కోసం అటవీశాఖతో పేచీ కొత్తగా మొదలైంది.

కుర్చీలోంచి లేవకపోతే

2014 నాటి నాలుగో భాగం హిమాలయాల్లోని కల్పిత దేశం కైరాత్‌లో నడుస్తుంది. తల్లి అస్థికలు కలపడానికి వచ్చిన అజయ్ ఘలే తిరుగుబాటుదారుల్లో చేరతాడు. వాళ్ల నాయకుల్లో అమితా, సబాల్ ఇద్దరిలో ఎవరి వైపు ఉండాలో ఆటగాడు తేల్చుకోవాలి. చివర్లో ఎవరు గద్దెనెక్కినా కొత్త దౌర్జన్యమే. ఈ సిరీస్ రాసిన నిజాయితీ గల ముగింపుల్లో ఇదొకటి.

అదే ఆటలో దాచిపెట్టిన ముగింపు ఇంకోటి ఉంది. మొదట్లో నియంత పాగన్ మిన్ అజయ్‌ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇక్కడే ఉండమని చెప్పి బయటికి వెళ్తాడు. అందరూ లేచి పారిపోతారు, ఆట అక్కడే మొదలవుతుంది. లేవకుండా పావుగంట కూర్చుంటే పాగన్ మిన్ తిరిగొచ్చి, అస్థికలు ఉంచాల్సిన చోటికి తనే తీసుకెళ్తాడు. తూటా పేలకుండా ఆట అయిపోతుంది.

తెలుగు నేల మీద అలాంటి బల్ల ఒకసారి వేశారు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో నక్సలైట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎదురెదురుగా కూర్చున్నారు. చర్చలు నాలుగు రోజులు నడిచాయి. 2005 జనవరిలో మావోయిస్టులు తప్పుకున్నారు, రెండో విడత జరగలేదు. ఆ ఏడాదే సరిహద్దు అవతల సల్వాజుడుం మొదలైంది.