పుష్పకం నుండి హంస దాకా

మా తిరుమల బ్రహ్మోత్సవాలలో రెండవనాటి రాత్రి శ్రీవారు హంసవాహనంపై మాడవీధులలో ఊరేగుతారు. హంస పాలను, నీటిని వేరుచేయగలదని కవిసమయం. చదువులతల్లికి వాహనమూ అదే. ఎగరడం నేర్పే చిన్న విమానానికి ఆ పేరు పెట్టినవారి ఔచిత్యాన్ని తెలుగు పండితునిగా మెచ్చుకోకుండా ఉండలేను. ఆ 'హంస' కథను పాఠక మిత్రులకు విన్నవిస్తున్నాను.

బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో విష్ణు మాధవ్ ఘటగే రూపొందించిన హెచ్.టి.-2 శిక్షణ విమానం 1951లో ఎగిరింది. 1958లో అక్కడే 'పుష్పక్' పుట్టింది. కప్పు మీద రెక్క, లోపల ఇద్దరికి చోటు, 90 అశ్వశక్తుల ఇంజను, చట్రంపై గుడ్డ తొడుగు. అమెరికావారి ఏరోంకా విమానపు పోలికలు దీనిలో కనబడతాయి. నూటయాభైకి పైగా తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరాయి. దానినే పెంచి సైన్యం కోసం 'కృషక్'ను చేశారు. కాలక్రమంలో పుష్పక్ తయారీ నిలిచిపోయింది. క్లబ్బులు విదేశీ విమానాలపై ఆధారపడ్డాయి.

ఆ లోటును తీర్చడానికి పూనుకున్నది బెంగుళూరులోనే ఉన్న జాతీయ వైమానిక ప్రయోగశాల. 1984 నుండి 1993 దాకా దాని సంచాలకులు రొద్దం నరసింహ. వారి ఇంటిపేరు పెనుకొండ సమీపాన ఉన్న మన రాయలసీమ ఊరి పేరే. ముక్కు దగ్గర చిన్న రెక్క గల ఒక ప్రయోగ విమానాన్ని ఆ ప్రయోగశాల 1987లో ఎగురవేసి, లోహానికి బదులు గాజునారతో విమానం కట్టే విద్యను పట్టుకుంది. ఆ అనుభవంతోనే 'హంస' తొలి రూపం 1993లో ఎగిరింది. దానిని సవరించి తెచ్చిన హంస-3 1996లో గాలిలోకి లేచింది, 2000లో ప్రభుత్వ ధ్రువపత్రం పొందింది. నిండుబరువు 750 కిలోలు. గురుశిష్యులు పక్కపక్కనే కూర్చుంటారు. శిష్యుని చేయి తడబడితే గురువు కంటికి వెంటనే తెలుస్తుంది. బడిలో నలభైమందిని కూర్చోబెట్టుకొని పాఠం చెప్పినవాణ్ణి కనుక, ఈ అమరిక విలువ నాకు బాగా బోధపడింది.

ఇంత చేసీ తయారైనవి 14 మాత్రమే! నమూనాను నిలబెట్టడం ప్రయోగశాల పని. వందలకొద్దీ చేసి, అమ్మి, విడిభాగాలు అందించడం కర్మాగారం పని. ఆ రెండవ పనిని భారీగా తలకెత్తుకునే సంస్థ ముందుకు రాలేదు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులపై చెక్కి ఉండి కూడా, తిరుమల భాండాగారంలో శతాబ్దాలు మూగవోయి, ఇరవయ్యవ శతాబ్దంలో గదా అచ్చుకెక్కి జనుల నోళ్లకు అందాయి. కృతి ఎంత గొప్పదైనా ప్రతులు లేకపోతే ఉన్నా లేనట్లే.

హంసకు రెండవ జన్మ 2021 సెప్టెంబరు 3న కలిగింది. ఆధునిక ఇంజను, గాజుతెరల పరికరాలు అమర్చిన కొత్త హంస ఆనాడు ఎగిరింది. మరుసటి ఏడు పుదుచ్చేరిలో సముద్రమట్టపు పరీక్షలు జరిగాయి. మే నెలలో చళ్ళకెరె వద్ద ఆకాశంలో ఇంజనును కావాలనే ఆపి, మళ్లీ రాజేసి చూశారు. నేర్చుకునేవాని ప్రాణానికి పూచీపడవలసిన విమానానికి ఇది అగ్నిపరీక్షే. 2025లో తయారీ హక్కులు ముంబయికి చెందిన ఒక ప్రైవేటు సంస్థకు దక్కాయి.

ఇందులో మనకేమి అంటారా? మన దేశంలో వాణిజ్య విమాన చోదకుని లైసెన్సుకు 200 గంటలు ఎగిరి ఉండాలి. గంట ఖర్చులో వెయ్యి రూపాయలు తగ్గితే విద్యార్థికి రెండు లక్షలు మిగులుతాయి. పలమనేరులోనో పుత్తూరులోనో తెలివిగల పేదపిల్ల ఆకాశం వైపు చూసి ఆశపడితే, ఆ ఆశ తండ్రి పొలం అమ్మేదాకా పోకూడదు. పుష్పక్ నూటయాభై దాటింది. హంస ఆ లెక్కను దాటిన రోజున, ప్రయోగశాలలో పడిన నలభై ఏళ్ల శ్రమ ఫలించిందని నమ్ముతాను.