చుక్క పెడితే సర్కారుదేనా?

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు రివ్యూకని కోడు పంపించాడు. టేబుల్లో స్టేటస్ అనే ఫీల్డు, దానికి డీఫాల్ట్ "యాక్టివ్". టెస్టు కూడా రాశాడండోయ్. ఏమీ ఇవ్వకుండా రికార్డు సేవ్ చేస్తే స్టేటస్ "యాక్టివ్" అని వస్తోందా లేదా అని. టెస్టు పాసైంది. "యాక్టివ్ అనే ఎందుకు పెట్టావు బాబూ?" అని అడిగితే, "ఏదో ఒకటి పెట్టాలి కదండీ" అన్నాడు.

నవ్వేశాను గానీ, వెంటనే మా పెదనాన్న పొలం గుర్తొచ్చింది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. 2016లో మా అక్క పెళ్లికని పెదనాన్న అరెకరం అమ్మబోతే రిజిస్ట్రేషన్ కుదరదన్నారు. పాత రికార్డులో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో పేరు లేదు, చుక్కలున్నాయి! తాతల నాటి నుంచీ దున్నుతున్న మాగాణి. శిస్తు రసీదులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అయినా కాదన్నారు. "ఒరేయ్, కంప్యూటర్లు చదివావు కదా, ఆ చుక్క చెరిపెయ్యలేవా?" అని నన్నడిగాడు. ఏం చెప్పను!

వీటినే చుక్కల భూములంటారు. వీటి కథ తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్లు పారాక, కృష్ణా డెల్టాలో భూమి విలువ మారిపోయింది. విలువతోపాటు శిస్తు మీద సర్కారు శ్రద్ధా పెరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని రైత్వారీ గ్రామాల్లో పొలాలు కొలిచి, సర్వే నంబర్లిచ్చి, నేలని బట్టి తరం కట్టి, శిస్తు నిర్ణయించేవారు. దాదాపు ముప్ఫై ఏళ్లకోసారి మళ్లీ సెటిల్‌మెంటు. అప్పుడు రాసిందే రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్, మనవాళ్ల నోట్లో ఆర్ఎస్ఆర్. ఇప్పటికీ భూమి రికార్డులకి మూలం అదే. సర్కారు భూమైతే పోరంబోకు అనో ఇంకోటనో రాశారు, రైతుదైతే పేరు రాశారు. ఎవరిదో తేలనిచోట చుక్కలు పెట్టి వదిలేశారు.

నా ఉద్దేశంలో ఆ చుక్క పెట్టిన గుమాస్తా తప్పేమీ చేయలేదు. తెలియనిది తెలియదనే రాశాడు. మన భాషలో చెప్పాలంటే అది నల్. 1970లో రిలేషనల్ మోడల్ ప్రతిపాదించిన కాడ్ మహాశయుడు, 1990లో రాసిన పుస్తకంలో ఖాళీలు రెండు రకాలన్నాడు: విలువ ఉంది గానీ మనకి తెలియనిది, అసలు విలువ వర్తించనిది. గుమాస్తా చుక్క మొదటి రకం. యజమాని ఉన్నాడు, పేరు తేలలేదు, అంతే.

తప్పు జరిగింది ఆ చుక్కని తర్వాత చదివినచోట. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ కొత్త రూపంలో వచ్చింది. ప్రభుత్వ భూముల్లాంటివి అక్రమంగా చేతులు మారకుండా నిషేధిత జాబితా పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ చుక్కల భూములూ ఆ జాబితాలోకి చేరిపోయాయి. పట్టాదారు పేరుంటే ప్రైవేటు, "ఎల్స్" సర్కారు! తెలియనిదంతా ఆ ఎల్స్‌లో పడింది. మనం పాత టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపి, ఉన్న రికార్డులన్నిటికీ ఒకే డీఫాల్ట్ నింపేసినట్టు.

ఆ తర్వాత దిద్దుబాటు మొదలైంది. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నట్టు ఆధారాలు చూపిస్తే, కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ పరిశీలించి రికార్డు సవరించాలి. అంటే రుజువు చేసుకునే బరువు మళ్లీ రైతు మీదే! చివరికి 2023 మే 12న నెల్లూరు జిల్లా కావలిలో, రాష్ట్రమంతటా 2,06,171 ఎకరాల చుక్కల భూములని నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నామనీ, 97,471 రైతు కుటుంబాలకి పూర్తి హక్కులు వస్తాయనీ ప్రభుత్వం ప్రకటించింది. పెదనాన్న పొలమూ వాటిలో ఉంది. కానీ అక్క పెళ్లి అప్పటికి ఆరేళ్ల కిందటే మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో జరిగిపోయింది. ఆ వడ్డీ ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు.

"తెలియనివాటన్నిటినీ రైతులవే అనుకుంటే కబ్జాదారులు ఊరుకుంటారా?" అని మీరడగొచ్చు. నిజమే. అందుకే "తెలియదు" అనేది విడిగా ఒక స్టేటస్‌గా ఉండాలి. అందులోంచి బయటికొచ్చే దారీ ఉండాలి, ఆ దారికో గడువూ ఉండాలి.

ఇదంతా చెప్పి కుర్రాణ్ణి ఇంకో మూడు టెస్టులు రాయమన్నాను. ఒకటి, స్టేటస్ తెలియని రికార్డుని మిగతా కోడంతా ఎలా చదువుతోంది? రెండు, ఆ స్థితి నుంచి బయటపడటం కుదురుతోందా? మూడు, మనం కొత్త కాలమ్ కలిపినప్పుడు పాత రికార్డులకి ఏమవుతోంది? డీఫాల్ట్ సరిగ్గా పడిందని రుజువు చేసే టెస్టు, ఆ డీఫాల్ట్ న్యాయమైనదని రుజువు చేయదు కదా.

వాడు కాసేపు ఆలోచించి, "యాక్టివ్ తీసేసి పెండింగ్ అని పెట్టనాండీ?" అన్నాడు.

"పెట్టు. కానీ పెండింగ్‌లో పడ్డవాళ్లని రోజూ ఎవరు చూస్తారో కూడా రాయి" అన్నాను.