పసుపునకు మానని మచ్చ

ఆర్మూరు అంగడిలో పసుపుకొమ్మును విరిచి రంగు చూడనిదే బేరము కుదరదు. ఈ సీమ ఇండ్లలో బిడ్డ ఒంటిపై ఏ మచ్చ కనబడినను తల్లి చేయి మొదట పసుపుగిన్నెకే పోవును. అయితే ఆ పసుపునకు మానని మచ్చ యొకటి కలదు. అది చెంపపైననో వెన్నుపైననో పాలిపోయిగాని ఎఱ్ఱబారిగాని కనబడును. సూది గుచ్చినను అచట నొప్పి తెలియదు. పూర్వులు దానిని కుష్ఠు అనుటకు జంకి ‘పెద్దరోగము’ అనెడివారు. పెద్దరోగము వచ్చిన పెద్దవాడు తాను కట్టుకొన్న సంసారమును కోల్పోయెను. పసివానికి చదువు, పెండ్లి, పని, అన్నియు మొదలు కాకముందే ముగిసెడివి.

ఆర్మూరునుండి హైదరాబాదునకు పోవు బాటలోనే డిచ్‌పల్లి యున్నది. ఆ యూరి పేరు ఈ రోగముతో ముడివడిన కథ చెప్పదగినది.

స్కాట్లండున 1875లో పుట్టి, అబర్డీను విశ్వవిద్యాలయమున 1903లో వైద్యపట్టము పొందిన ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కూడ 1907లో మన దేశమునకు వచ్చెను. వారు వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందినవారు. నిజామాబాదులో ఆమె వైద్యము చేయుచుండగా, ఏ వైద్యుడును ముట్టని రోగులు ఆమె వాకిటికి రాసాగిరి. 1911లో వారికై యొక చిన్న కేంద్రము వెలసెను. త్వరలోనే అది చాలదాయెను. అప్పుడు విరివిగా ధనమిచ్చి ఆదుకొన్నవాడు రాజా నర్సా గౌడు. ఆయన హిందువు. క్రైస్తవుల పిలుపునకు ఈ సీమలో మొదట పలికిన పెద్దచేయి క్రైస్తవునిది కాదన్నమాట! 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెఱువబడెను.

ఆ పిలుపు ఎచటిది? పాత నిబంధనలోని లేవీయకాండము ఇట్టి రోగిని పాళెము వెలుపల నుంచుమని విధించినది. క్రీస్తు చేయి చాపి అట్టివానిని ముట్టెనని మార్కు వ్రాసెను. పిల్లలను తన యొద్దకు రానీయని శిష్యులపై ఆయన కోపించెననియు ఆ మార్కే వ్రాసెను. రోగియు పసివాడును ఒక్కడే యైనప్పుడు ఈ రెండు ఘట్టములను వేరుచేసి చదువుట కష్టము. అయినను ఒక మాట దాచరాదు. డిచ్‌పల్లి ఆసుపత్రియు ఊరికి ఎడముగానే, అనగా పాళెము వెలుపలనే, కట్టబడినది. ఊరు మాఱలేదు, ఊరి వెలుపల నొక నీడ దొరికినది, అంతే.

ఆ నీడను వైద్యాలయముగా మార్చినది అడవిబాదము జాతి గింజల నూనె. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. దానితో ఇది పాపఫలమనియు వంశపారంపర్యమనియు చెప్పు మాటలకు ఆధారము పోయినది. 1920 తరువాత, కలకత్తాలో ఎర్నెస్టు మ్యూర్ ప్రచారములోనికి తెచ్చిన పద్ధతి ననుసరించి డిచ్‌పల్లిలో ఆ నూనెను సూదిమందుగా నీయసాగిరి. ఆ సూది బాధాకరము. చికిత్స నెలలకొలది సాగవలెను. వ్రేళ్లు వంకరపోయిన పిమ్మట దానివలన ఫలము స్వల్పము; తొలి మచ్చనాడే వచ్చిన వారికి ఆశ యుండెను. కావున మంచి కాలము పిల్లలదే. కాని ఆ మచ్చను దాచవలెనని తల్లిదండ్రులకు గట్టిగా తోచు కాలమును అదియే. నా దృష్టిలో ఆ వైద్యులకు సూక్ష్మజీవి కన్న ఈ దాచుటయే పెద్ద శత్రువు.

ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఎ-హింద్ పతకము లభించెను. 1932లో ఆమె మరణించెను. 1940 తరువాత సల్ఫోను మాత్రలు వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళౌషధ చికిత్సను సిఫారసు చేసెను. నేడు ఆరు నెలలనుండి యొక సంవత్సరమునకు మించకుండ, ఇంటనే యుండి, ఉచితముగా మాత్రలు మ్రింగిన చాలును.

చట్టము నెమ్మదిగా నడచెను. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో గాని రద్దు కాలేదు. ఈ రోగమును కారణముగా చూపి విడాకులు కోరు వీలు 2019 వఱకు నుండెను. ప్రపంచమున క్రొత్తగా కనుగొనబడుచున్న రోగులలో సగమునకు పైగా మన దేశముననే యున్నారు. వారిలో పిల్లలును కలరు. ఆశా కార్యకర్త నేడు ఇంటింటికి వచ్చి మచ్చలు చూపుమని యడుగుచున్నది. ఆ ఇంటివారు బిడ్డను వాకిటిలోనికి పిలుతురో, లోపలి గదిలోనికి పంపుదురో!