చాప కింద షాట్లు

సంక్రాంతికి సినిమా విడుదల. హైదరాబాద్‌లో ఓ చిన్న వీఎఫ్‌ఎక్స్ స్టూడియో. రాత్రి పదకొండున్నరకి కంపోజిటర్ ఫోన్.

“అన్నా, సేవ్ అయితలేదు. డిస్క్ ఫుల్ అంటోంది.”

“ఎట్లా ఫుల్ అయితదిరా?”

మూడు వారాల కింద కొత్త డిస్క్ పెట్టింది నేనే. షాట్స్ ఫోల్డర్‌ను అందులోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను అదే ఫోల్డర్ మీద మౌంట్ చేశాను. పేరు మారలేదు కదా అని ఎవరికీ చెప్పలేదు.

వెళ్లి లైనక్స్ సర్వర్ ముందు కూర్చున్నాను. కొత్త డిస్క్ సగానికి పైగా ఖాళీ. పాతది 100 శాతం నిండింది. షాట్స్ ఫోల్డర్‌లో చివరి ఫైలు నేను కాపీ చేసిన రోజుది! ఆర్టిస్టు మెషీన్‌లో అదే ఫోల్డర్ తెరిస్తే మూడు వారాల పనీ కళ్లముందే ఉంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో కొత్త షాట్లు రావట్లేదని మేనేజర్ వారంగా మొత్తుకుంటూనే ఉన్నాడు. ఎవరు విన్నారు? ఆయనకు ఫోల్డర్ ఇచ్చేది సాంబా. అది మామూలు ప్రోగ్రాంలా దారి పట్టుకుని కొత్త డిస్క్‌లోకి దిగిపోతుంది.

ఆర్టిస్టుల మెషీన్లకు ఫోల్డర్ ఇచ్చేది ఎన్‌ఎఫ్‌ఎస్. అది అలా దిగదు. నేల మీద చాప పరిస్తే గదిలోవాడికి చాప కనిపిస్తుంది, ఎన్‌ఎఫ్‌ఎస్‌లో వచ్చినవాడికి కింది నేలే. ఇది బగ్ కాదు. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసిన నాటి నుంచీ దాని తీరే అంత. ఫైలును గుర్తించే ఐనోడ్ నంబరు ఒక ఫైల్‌సిస్టమ్ లోపలే చెల్లుతుంది. 4వ నంబరు ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది మరి. చెప్పకుండా వీధి మారిస్తే క్లయింట్ రెండు ఫైళ్లను ఒకటే అనుకోవచ్చు. అందుకే లోపలి డిస్క్‌ను విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి, లేదా పై ఫోల్డర్ ఎక్స్‌పోర్ట్ లైన్లో ‘క్రాస్‌మౌంట్’ అన్న మాట చేర్చాలి. నేను రెండూ చేయలేదు.

పాత కాపీని చెరిపి చోటు ఖాళీ చేయాలనుకుని, బద్ధకించాను. ఆ బద్ధకం వల్లే ఆర్టిస్టులకు ఆ రోజు నుంచీ తేడా తెలియలేదు.

అందర్నీ పని ఆపమన్నాను. పాత డిస్క్‌ను మరో ఫోల్డర్‌కు బైండ్ మౌంట్ చేస్తే చాప కింది నేల బయటపడింది. షాట్లన్నీ ఉన్నాయి. కొత్త డిస్క్‌లోకి కాపీ అయ్యేసరికి తెల్లారింది. ‘క్రాస్‌మౌంట్’ చేర్చి, మెషీన్లన్నీ మళ్లీ మౌంట్ చేయించాను.

“ఇప్పుడు సేవ్ చెయ్.”

అయింది. వెనక టీ గ్లాసుతో నిలబడ్డ స్టూడియో యజమాని అప్పుడు నోరు విప్పారు.

“రోజూ పొద్దున్నే ‘బ్యాకప్ సక్సెస్’ అని మెయిల్ వస్తోంది కదండీ. ఈ మూడు వారాలూ అది దేన్ని కాపీ చేసింది?”

బ్యాకప్ నడిచేది సర్వర్ మీదే. అది చూసింది చాపనే.