కోబాల్‌లో తొలి విలువలు

కోబాల్ ప్రోగ్రాములో విలువ ఇవ్వకుండా ప్రకటించిన ఫీల్డులో మొదట ఏముంటుంది? భాషా ప్రమాణం దృష్టిలో అది అనిర్దిష్టం. సంఖ్యా ఫీల్డు సున్నాతోనో, అక్షర ఫీల్డు ఖాళీలతోనో మొదలవుతుందన్న హామీ లేదు. తొలి విలువ కావాలంటే డేటా డివిజన్‌లో వాల్యూ క్లాజు రాయాలి, లేదా ప్రొసీజర్ డివిజన్‌లో వాడేముందు నింపుకోవాలి. ప్రమాణం వదిలేసిన ఈ జాగాను ఒక్కో కంపైలరు ఒక్కో తీరున పూడ్చింది.

పుట్టుక

1959 మే 28, 29 తేదీల్లో పెంటగాన్‌లో జరిగిన సమావేశం కోబాల్‌కు నాంది. భాష బాధ్యత చేపట్టిన కోడసిల్ అనే సంఘం అక్కడి నుంచే రూపుదిద్దుకొంది. గ్రేస్ హాపర్ ఆధ్వర్యంలో తయారైన ఫ్లో-మ్యాటిక్ భాష ఈ కొత్త భాషకు ముఖ్యమైన ఆధారం. జీన్ శామెట్, హోవర్డ్ బ్రామ్‌బర్గ్, గెర్ట్రూడ్ టియర్నీ, విలియం సెల్డెన్, వెర్నన్ రీవ్స్, హోవర్డ్ డిస్కౌంట్ అనే ఆరుగురు నిర్దేశాల రచనకు పూనుకొన్నారు. 1960లో నివేదిక అచ్చయింది.

ఆ నివేదికలోనే వర్కింగ్-స్టోరేజ్ సెక్షన్, వాల్యూ క్లాజు ఉన్నాయి. విలువ మారని అంశాలకు కాన్‌స్టంట్ సెక్షన్ అని వేరే విభాగం కూడా ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు. 1960 డిసెంబరులో దాదాపు ఒకే ప్రోగ్రాము ఆర్‌సీఏ 501 మీద, యూనివాక్ 2 మీద నడిచింది. యూనివాక్ 2 మెమరీ పన్నెండేసి అక్షరాల పదాలుగా ఉండేది. ఆర్‌సీఏ 501 పొడవు మారే అంశాలను నేరుగా తీసుకొనేది. ఇంత తేడా ఉన్న యంత్రాలను ఒకే భాష కిందికి తెచ్చినవారు ప్రతి ఫీల్డుకూ ఏం కావాలో ప్రోగ్రామరు చేతే రాయించడం వివేకవంతమైన పని.

1968, 1974 ప్రమాణాలు ఈ నియమాన్ని మార్చలేదు.

మెయిన్‌ఫ్రేమ్ అనుభవం

1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 యంత్రాల మీద ఈ అనిర్దిష్టత ఫలితం కళ్లకు కట్టింది. పిక్ ఎస్9(5) కాంప్-3 అని రాసిన ఫీల్డు మూడు బైట్లు తీసుకొంటుంది: అయిదు అంకెలు, చివరి అర బైటులో గుర్తు. అందులో సరైన సున్నా హెక్సాలో 00 00 0సి. ఫీల్డుకు విలువ ఇవ్వకపోతే, ఆ మెమరీలో 00 00 00 ఉందనుకొందాం. చూడటానికి అదీ సున్నాయే. కానీ చివరి అర బైటులోని 0 చెల్లే గుర్తు కాదు. ఎ నుంచి ఎఫ్ వరకు ఉన్నవే చెల్లుతాయి. దానికి ఒకటి కూడబోతే యంత్రం డేటా ఎక్సెప్షన్ లేవనెత్తి పనిని ఆపేస్తుంది. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్లు 'సాక్ సెవెన్' అని పిలిచే ఎస్0సి7 అబెండ్ (ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగిపోవడం) ఇదే. మెమరీని సున్నా బైట్లతో తుడిచినంత మాత్రాన ఫీల్డులో సున్నా చేరదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఐబీఎం కంపైలరు వీఎస్ కోబాల్ 2లో అలా తుడిచే డబ్ల్యూఎస్‌క్లియర్ అనే ఆప్షను ఉన్నా, కాంప్-3 ఫీల్డులకు అది రక్షణ కాలేదు.

కొన్ని ఫీల్డులు కలిసిన గ్రూపు అంతటికీ మూవ్ స్పేసెస్ చేయడం (ఖాళీలు నింపడం) మరో పొరపాటు. గ్రూపును కోబాల్ అక్షరాల వరుసగానే చూస్తుంది కాబట్టి లోపలి కాంప్-3 ఫీల్డుల్లోకీ ఖాళీలే చేరతాయి. ఫలితం మళ్లీ సాక్ సెవెన్.

1985 ప్రమాణం

ఈ ఇబ్బందికి చక్కని పరిష్కారం 1985 ప్రమాణం తెచ్చిన ఇనిషియలైజ్ వాక్యం. గ్రూపు పేరు ఒక్కటి చెబితే చాలు, లోపలి ఫీల్డులను రకాన్నిబట్టి, సంఖ్యలైతే సున్నాలతో, అక్షరాలైతే ఖాళీలతో నింపుతుంది. ఆక్కర్స్ పట్టికల్లోని ప్రతి గడికీ వెళుతుంది. పేరులేని ఫీల్డులైన ఫిల్లర్లను మాత్రం ముట్టదు. వాల్యూ క్లాజులో రాసినదాన్నీ పట్టించుకోదు. ఈ రెండు లోట్లనూ 2002 ప్రమాణం విత్ ఫిల్లర్, టు వాల్యూ అనే చేర్పులతో తీర్చింది.

వాల్యూ క్లాజు ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది. పిలిపించుకొనే సబ్‌ప్రోగ్రాములో లెక్క ఫీల్డుకు వాల్యూ జీరో అని రాస్తే, అది మొదటి పిలుపుకే వర్తిస్తుంది. మొదటిసారి 40 దాకా లెక్కపెడితే రెండో పిలుపు 40 నుంచే మొదలవుతుంది. దీనికి 1985 ప్రమాణం ప్రోగ్రామ్-ఐడీ పక్కన ఇనిషియల్ అనే మాటను, 2002 ప్రమాణం ప్రతి పిలుపుకూ కొత్తగా ఏర్పడే లోకల్-స్టోరేజ్ సెక్షన్‌ను ఇచ్చాయి.

నేటి స్థితి

ఓపెన్‌కోబాల్ పేరుతో మొదలైన గ్నూకోబాల్, ప్రత్యేకంగా వేరే చెప్పకపోతే, వాల్యూ లేని ఫీల్డులను రకాన్నిబట్టి తానే నింపుతుంది. మైక్రో ఫోకస్ కంపైలర్లలో ఏ బైటుతో నింపాలో డిఫాల్ట్‌బైట్ అనే ఆదేశంతో చెప్పవచ్చు. ఐబీఎం ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 6 శ్రేణిలోని ఇనిట్‌చెక్ ఆప్షను, విలువ ఇవ్వకముందే వాడిన ఫీల్డులను కంపైల్ చేసేటప్పుడే వెతికి హెచ్చరిస్తుంది. కంపైలర్ల మధ్య ఈ తేడాల వల్ల గ్నూకోబాల్‌లో సాఫీగా నడిచిన ప్రోగ్రాము మెయిన్‌ఫ్రేమ్ మీద సాక్ సెవెన్‌తో ఆగిపోవచ్చు. వాల్యూ క్లాజు రాసిన ఫీల్డు మాత్రం రెండుచోట్లా ఒకే విలువతో మొదలవుతుంది.